శ్రుతి, తేమ, పత్తి పైసలు

కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చే రోజుల్లో వాద్యం వాయించేవాళ్ల మనసులో ఒక దిగులు చేరుతుందని, ఆ దిగులే వాళ్ల సంగీతానికి లోతు తెస్తుందని నమ్మేవాళ్లు మా హనుమకొండలో తక్కువేమీ లేరు. నేను వయొలిన్ వాయిస్తాను, ఇంటి దగ్గర పిల్లలకు నేర్పుతాను, గుళ్లలోనూ సభల్లోనూ గాయకుల పక్కన కూర్చుంటాను కాబట్టి ఈ మాట తరచుగా నా ముఖం మీదే వినవలసి వస్తుంది. "చలి పడ్డదంటే మీ వాయింపుల ఏదో బాధ వినవడ్తది సార్" అని మా వీధిలో ఒక పెద్దమనిషి మెచ్చుకోలుగానే అంటాడు. ఆయన విన్నది చాలావరకు నేను తీగలు సరిచేసుకుంటున్న చప్పుడు. అందులో తప్పంతా ఆయనది కూడా కాదు. దశాబ్దాల తరబడి మన సినిమాలు ఏడుపు వచ్చిన ప్రతిచోటా వెనక వయొలిన్లు వినిపించి, ఆ వాద్యం చేతిలో ఉన్నవాడు సుఖంగా ఉండడని జనానికి నేర్పిపెట్టాయి.

ఈ కాలంలో సంగీతకారుడు కుంగడని నేను అనడం లేదు. కుంగుతాడు, నేనూ కుంగుతాను. అయితే ఆ కుంగుబాటుకు కారణాలు చాలావరకు వేలు పెట్టి చూపించగలిగినవి: గాలిలో తేమ, పంచాంగంలో ముహూర్తాలు, ఆలస్యంగా చేతికొచ్చే పైసలు, సగం సగం నిద్ర. వీటన్నిటినీ మూటకట్టి కళాకారుడి స్వభావం కింద జమ వేస్తే సరిచేయగలిగినదాన్ని కూడా ఎవరూ సరిచేయరు. నా ఫిర్యాదు అదే.

మొదట వెలుతురు సంగతి తీసుకుంటాను, ఎందుకంటే ఈ మధ్య చదువుకున్నవాళ్లు దిగులుకు శాస్త్రం పేరు చెప్పి వెలుతురునే చూపిస్తున్నారు. పగటి వెలుగు తగ్గే కాలంలో కొందరిలో ఏటా తిరిగొచ్చే మానసిక కుంగుబాటును 1984లో అమెరికాలో మానసిక వైద్యుడు నార్మన్ రోజెంథాల్ బృందం వివరించింది, అది నిజమైన జబ్బే. కాని ఆ మాట పుట్టిన దేశాల ఆకాశం వేరు. లండన్‌లో జూన్‌లో పదహారు గంటలు దాటే పగలు డిసెంబరులో ఎనిమిది గంటలైనా ఉండదు. వరంగల్ ఉన్న 18 డిగ్రీల అక్షాంశం దగ్గర జూన్ పగలు సుమారు 13 గంటలు, నవంబరు చివరి పగలు 11 గంటల పైచిలుకు. తేడా మొత్తం రెండు గంటలు. పైగా వానాకాలమంతా మబ్బు కింద గడిపిన మనకు సూర్యుడు సూటిగా కనిపించేది దసరా దాటాకే. వెలుతురు తగ్గి మనసు తగ్గిందనే లెక్క ఇక్కడ అంత తేలిగ్గా కుదరదు.

ఋతువే కారణమనేవాళ్లు ఒకసారి చెన్నై వైపు చూడాలి. 1927 డిసెంబరులో మద్రాసు కాంగ్రెస్ మహాసభలతో పాటు జరిగిన సంగీత సమ్మేళనం నుంచి మరుసటి ఏడాది మ్యూజిక్ అకాడమీ పుట్టింది, ఆ డిసెంబరు అలవాటే పెరిగి అక్కడి సంగీతకారులకు ఏడాదిలో అన్నిటికంటే రద్దీ అయిన కాలంగా మారింది. అదే మార్గశిరం, అదే సూర్యుడు, చలి కొంచెం తక్కువ. అక్కడి వయొలిన్ విద్వాంసుడు ఈ రోజుల్లో డైరీలో ఖాళీ వెతుక్కుంటాడు, ఇక్కడ నేను ఖాళీలో డైరీ వెతుక్కుంటాను. మనసు మారింది ఋతువు వల్లనే అయితే ఇద్దరిదీ ఒకేలా మారాలి కదా.

ఇక అసలు కారణాల్లోకి వస్తే, నాకు అన్నిటికంటే దగ్గరది తేమ. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను హనుమకొండ, వరంగల్ కాలనీలను ముంచి వెళ్లింది. ఆ వారమంతా నా వయొలిన్ బిరడాలు, అంటే తీగలు చుట్టి బిగించే కట్టె మరలు, ఉబ్బి మెడలో బిగుసుకుపోయి, శ్రుతి చేద్దామంటే కదలలేదు. బలం పెట్టి తిప్పితే ఒక్కసారిగా తిరిగి తీగ తెగుతుంది. సరిగ్గా మూడు వారాలు తిరగకముందే ఈశాన్యపు పొడిగాలి వచ్చి కట్టెను ఎండబెట్టింది, అదే బిరడ పట్టు వదిలి జారడం మొదలుపెట్టింది. రాత్రి శ్రుతి చేసి పెట్టిన వాద్యం తెల్లవారి పెట్టె తెరిచేసరికి షడ్జమం ఎక్కడో కిందికి దిగి, తీగ వదులై పడి ఉంటుంది. బిరడ బయటికి తీసి, అది మెడలో ఆనే రెండు చోట్లా బోర్డు మీద రాసే సుద్దముక్క రుద్ది, మళ్లీ దూర్చి, లోపలికి ఒత్తుతూ తిప్పితే నిలుస్తుంది. ఎక్కువ రుద్దితే మళ్లీ బిగుసుకుంటుంది. అలా బిగుసుకున్నప్పుడు ఎండిన సబ్బుముక్క. సుద్దా సబ్బూ రెండూ నా వయొలిన్ పెట్టెలో కమానుకు రాసే రోజిన్ పక్కనే ఉంటాయి, కొత్త పిల్లల తల్లిదండ్రులు వాటిని చూసి ఇది సంగీతం క్లాసేనా అన్నట్టు నా వైపు చూస్తారు.

మృదంగం కథ దీనికి సరిగ్గా తోడు. దాని మూతలు తోలు కాబట్టి తేమ పీల్చితే వదులై శ్రుతి దిగుతుంది, ఎండితే బిగిసి ఎక్కుతుంది. తెల్లవారుజామున మంచులో గుడికి తెచ్చిన మృదంగం ఒక శ్రుతిలో ఉంటే, తొమ్మిది గంటల ఎండ మండపంలోకి వచ్చేసరికి మరో శ్రుతిలో ఉంటుంది. పాపం మృదంగం ఆయన ప్రతి పాట చివరా రాయితో అంచు మీద కొట్టి సరిచేసుకుంటూనే ఉంటాడు, ఎడమ మూతకు అంటించిన రవ్వముద్ద పొడిగాలికి తొందరగా ఆరిపోతే మళ్లీ తడి చేసుకుంటాడు. వేణువు వాళ్ల అవస్థ వేరు, వాళ్లకు తిప్పడానికి బిరడా లేదు, కొట్టడానికి అంచూ లేదు. గాలిలో శబ్దవేగం 30 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 349 మీటర్లు, 15 డిగ్రీల దగ్గర సుమారు 340. వేణువు లోపలి గాలి పూర్తిగా అంత చల్లబడితే దాని శ్రుతి రెండున్నర శాతం దిగుతుంది. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం దాదాపు ఆరు శాతం కాబట్టి అది చెవికి తగలని తేడా ఏమీ కాదు. ఊపిరి వెచ్చదనం కొంత కాపాడుతుంది, అందుకే వేణువు ఆయన కచేరీకి ముందు వాయించకుండానే వేణువులోకి ఊదుతూ కూర్చుంటాడు. పక్కన హార్మోనియం మాత్రం తన ఇత్తడి రీడ్లతో పెద్దగా కదలకుండా ఉంటుంది. నవంబరు చివర మా దగ్గర తెల్లవారి 15 డిగ్రీల చుట్టూ, మధ్యాహ్నం 30 దగ్గర ఉంటుంది. అంటే నేను పైన రాసిన రెండు అంకెలూ ఒకే రోజువి. కార్తీకమాసపు తెల్లవారుజామున వేయిస్తంభాల గుడి దగ్గరో భద్రకాళి చెరువు గట్టు మీదో ఒక చిన్న బృందం ఎంత వాయించినా కలిసినట్టు అనిపించకపోతే, అది వాళ్ల మనసు బాగోలేక కాదని ఇకనైనా గుర్తించాలి.

అయితే వాద్యం రోజూ మాట వినకపోతే మనసు కూడా పాడవుతుంది, అది నిజం. గంటసేపు సాధనకు కూర్చుంటే అందులో పావుగంట సుద్దముక్కకు పోతుంది. పొడిచర్మానికి వేళ్ల కొసలు పగిలి, ఉక్కు తీగ మీద గమకం లాగితే సూది గుచ్చినట్టుంటుంది. కొబ్బరినూనె రాస్తే వేలు జారుతుంది, కాని ఆ చేతితో పొరపాటున కమాను వెంట్రుకలు తాకితే ఆ కమాను ఇక తీగను పట్టదు. ఇంత చికాకులో వాయించిన శంకరాభరణం కూడా విన్నవాళ్లకు ఏడుపు రాగం శివరంజనిలా వినిపిస్తే నేను ఆశ్చర్యపోను.

తేమ ఇంటి లోపల చేసే పని ఇది. బయట చేసే పని ఇంకా పెద్దది, దాన్ని సంగీతం గురించి రాసేవాళ్లు ఎవరూ తలవరు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది హసన్‌పర్తి, ఐనవోలు, పర్వతగిరి వైపు ఊళ్లతో సంబంధం ఉన్నవాళ్లు, తండ్రి పట్నంలో చిన్న ఉద్యోగం చేసినా ఊళ్లో రెండు మూడు ఎకరాల పత్తి ఉంటుంది. మద్దతు ధరకు కొనే చోట పత్తిలో తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర ఇస్తారు, ఆపైన 12 శాతం దాకా తగ్గించి ఇస్తారు, 12 దాటితే కొనరు. 2025-26లో పొడవు పింజ పత్తికి క్వింటాలుకు మద్దతు ధర 8,110 రూపాయలుగా ఉండింది. తుపానులో తడిసిన పత్తి ఆ 12 లోపలికి రావాలంటే ఎండాలి, ఎండాలంటే మంచు కురవకూడదు, కార్తీకంలో మంచు కురవకుండా ఉండదు. "సార్, పత్తి వాపస్ పంపిన్రు, తేమ ఉన్నదట. మల్ల స్లాటు దొరకాలె. రెండు నెలలది ఒక్కసారే ఇస్తం, ఏమనుకోకుండ్రి" అని ఒక తండ్రి నాతో అన్నప్పుడు నేను ఏమనుకోగలను? నా బిరడాలను బిగించిన తేమే ఆయన బండిని వెనక్కి పంపింది. ఆయనకు మిల్లు దగ్గర పైసలు పడితేనే నాకు ఇంటి అద్దె.

ఇది కొత్త సంగతి కూడా కాదు. కాకతీయుల కాలంలో కళలు వెలిగిపోయాయని చెప్పుకుంటాం, పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి ముందు నిలబడి మద్దెల వాయించే శిల్పాలను పిల్లలకు చూపిస్తాం, గణపతిదేవుడి గజసేనాపతి జాయప 1250ల్లో నృత్యశాస్త్ర గ్రంథం నృత్తరత్నావళి రాశాడని గర్వపడతాం. రుద్రమదేవి కాలపు 1261 నాటి మల్కాపురం శాసనం చదివితే ఆ వెలుగుకు నూనె ఎక్కడినుంచి వచ్చిందో కూడా కనిపిస్తుంది: ఆడేవాళ్లకు, పాడేవాళ్లకు, వాద్యాలు వాయించేవాళ్లకు అక్కడ జీవనానికి ఏర్పాటు చేసింది భూమి ద్వారానే. అంటే ఆనాటి మార్దంగికుడు కూడా పంట కోసం ఆకాశం చూసినవాడే. తేడా ఏమిటంటే, ఆయన వాటా ఎంతో రాయి మీద చెక్కి ఉంది.

రాబడిలో రెండో భాగం పెళ్లిళ్లు. క్షీరాబ్ది ద్వాదశి దాటితే ముహూర్తాలు మొదలవుతాయని, రిసెప్షన్లలో రెండు గంటలు వాయిస్తే నెల గడుస్తుందని నాలాంటివాళ్లం దసరా నుంచే లెక్క వేసుకుంటాం. 2025లో మాత్రం నవంబరు చివరి వారంలో, పెళ్లిళ్లు పెట్టుకోని శుక్ర మూఢం మొదలై 2026 ఫిబ్రవరి దాకా ఉండింది. లెక్క అక్కడితో సరి. జానపదం పాడేవాళ్లకు మాత్రం ఆ ఏడాది చేతినిండా పని ఉండింది, డిసెంబరు 11, 14, 17 తేదీల్లో పంచాయతీ ఎన్నికలు కాబట్టి ప్రతి అభ్యర్థికీ ఒక పాట కావలసి వచ్చింది, 2026 జనవరి 28 నుంచి మేడారం జాతర కాబట్టి సమ్మక్క సారలమ్మల పాటలు అప్పుడే రికార్డు కావలసి వచ్చింది. చిన్న స్టూడియోలు తెల్లవార్లూ నడిచాయి. నేను కూడా అడిగి చూశాను. "కీబోర్డులనే వయొలిన్ ఉన్నది కదన్నా" అన్నాడు స్టూడియో కుర్రవాడు, వాదించడానికి నాకు ఏమీ దొరకలేదు, ఎందుకంటే వాడి కీబోర్డులోని వయొలిన్‌కు బిరడాలు జారవు.

మూడోది, ఈ కాలంలో నన్ను నిలబెట్టేది, అయ్యప్ప పడిపూజలు. వీటి గురించి కాస్త ఎక్కువగా రాయాలి, ఎందుకంటే కచేరీ సంగీతం వాళ్లు వీటిని చిన్నచూపు చూస్తారు, నేను చూడను. నవంబరు మధ్యలో మండల కాలం మొదలైతే 41 రోజుల దీక్షలో ఉన్న స్వాములు వీధికొకరు కనిపిస్తారు. సాయంత్రం షామియానా కింద పద్దెనిమిది మెట్లకు పూలు, దీపాలు పెట్టి, అభిషేకాలు అవుతుండగా ఒక పక్కన భజన బృందం కూర్చుంటుంది: ముఖ్య గాయకుడు, కీబోర్డు, డోలక్, తబలా, ప్యాడ్లు, ఎవరికైనా ముచ్చటపడితే ఒక వయొలిన్. గాయకుడు రెండున్నర శ్రుతిలో మొదలుపెడతాడు. పదిన్నర దాటేసరికి శరణుఘోషలతో గొంతు అలిసి "ఒక్కటి దించు" అని కీబోర్డు వైపు వేలు చూపిస్తాడు. కీబోర్డు అతను ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కుతాడు, అంతే, ఒకటిన్నర శ్రుతి. నాకు నాలుగు తీగలు దింపాలి, దింపితే చలికి మళ్లీ జారతాయి, పాట ఆగదు. కాబట్టి తీగలు ఉన్నచోటే ఉంచి, వేళ్లను మార్చి, మంద్ర షడ్జమం, అంటే అన్నిటికంటే కింది 'స', అసలు లేదనుకుని వాయించాలి. అలా వాయించడం ఏ పరీక్షలోనూ అడగరు, ఆకాశవాణి ఆడిషన్‌లో బి గ్రేడు నుంచి ఎ టాప్ దాకా ఎవరినీ ఆ కొలతతో కొలవరు. అయినా ఏడాది మొత్తంలో నా చెవి బాగా పదునెక్కేది ఈ వారాల్లోనే. కచేరీలో అరగంట రాగం వాయించినా కదలని జనం ఇక్కడ చరణం ఎత్తుకోకముందే చప్పట్లు అందుకుంటారు, హారతి వేళకు షామియానా కింద కూర్చున్నవాళ్లంతా ఒకే కాలప్రమాణంలోకి వస్తారు. అప్పుడు నా మనసు ఎలా ఉంటుందో చెప్పమంటే, చాలా బాగుంటుంది. కార్తీకమైనా, చలి అయినా.

దిగులు వచ్చేది మరుసటి రోజు. భిక్ష అయి, వాద్యం సర్ది, కాజీపేట బ్రిడ్జి మీదుగా చలిగాలిలో బండి నడుపుకుంటూ ఇల్లు చేరేసరికి రెండవుతుంది. పిల్లలకు క్లాసు ఆరింటికి. అటువంటి రాత్రులు వరసగా పడితే సాయంత్రానికి తల బరువెక్కుతుంది, ఎవరో పలకరిస్తే విసుగొస్తుంది, రాగం ఎత్తుకుంటే రెండో సంగతి దగ్గరే ఆగిపోతుంది. నిద్ర చాలనివాడు ఎవడైనా ఇలాగే ఉంటాడు, లారీ నడిపేవాడైనా. లారీ నడిపేవాడిని మాత్రం "కార్తీకంలో నీ డ్రైవింగుల ఒక వేదన ఉన్నది" అని ఎవరూ అనరు, కాసేపు పడుకోమంటారు.

మన సంప్రదాయమే రాగాలకు కాలాన్ని కట్టింది కదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. కట్టింది. హిందుస్తానీలో వానకు మేఘ్, వసంతానికి హిందోళ్ అని ఋతువుకొక రాగాన్ని చెప్పినవాళ్లున్నారు, మన దగ్గర కూడా తెల్లవారితే భూపాలం, బౌళి అంటాం. కాని అది వినేవాడి కోసం చేసిన ఏర్పాటు. ఏ వేళకు ఏది వాయిస్తే ఎవరికి ఇంపుగా ఉంటుందో పెద్దలు చెప్పారు. వాయించేవాడు ఆ వేళకు ఆ భావంలో మునిగి ఉండాలని నాకు తెలిసి ఎవరూ విధించలేదు. పెళ్లిలో తాళి కట్టే సమయానికి సన్నాయి ఆయన ఇంట్లో ఎవరికి జ్వరమో ఎవరూ అడగరు, ఆయన కూడా చెప్పడు, కల్యాణి మాత్రం కల్యాణిలాగే వస్తుంది. పని తెలిసినవాడి సంగీతం వాడి ఆనాటి మనసు మీద అంతగా ఆధారపడి ఉండదు. ఇలా అంటే సంగీతాన్ని తక్కువ చేసినట్టు ఆ మిత్రుడు బాధపడ్డాడు. ముప్పూట సాధన ఎందుకు చేస్తామంటే మనసు బాగోలేని రోజున చేయి బాగుండాలని, అంతకంటే నా దగ్గర వేరే జవాబు లేదు.

దిగులును కళతో ముడిపెట్టడంలో నాకు నిజంగా భయం కలిగించే సంగతి ఒకటి ఉంది. నిద్ర సరిపోయినా, పైసలు అందినా, వాద్యం శ్రుతిలో ఉన్నా మనసు లేవని మనిషి ఉండవచ్చు. వారాల తరబడి తిండి సయించక, ఎవరితోనూ మాట్లాడక, సాధన మానేసిన కళాకారుడిని చూసి చుట్టూ ఉన్నవాళ్లు "కళాకారులు గట్లనే ఉంటరు" అని పక్కకు తప్పుకుంటే అతనికి వైద్యం అందే దారి మూసుకుపోతుంది. అది డాక్టరు చూడవలసిన జబ్బు. ఫోనులో మాట్లాడటానికైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416 ఉంది, అక్కడ తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. లోతైన సంగీతం కోసం ఎవరూ ఆ స్థితిలో ఉండనక్కరలేదు, ఉన్నవాళ్లు వాయించనూ లేరు.

మిగిలినదంతా ఏర్పాట్లతో తీరేదే, అందులో కొంత నేను చేసుకున్నాను. ఈ నెలల్లో నా సొంత సాధనను తెల్లవారు నుంచి పదకొండు గంటలకు మార్చాను. మంచు విడిచిపోయి, ఎండ ఇంకా ముదరక, కట్టె ఒక చోట నిలబడే సమయం అది. పత్తి ఉన్న ఇళ్ల పిల్లలకు జీతం నెలనెలా కాకుండా సంక్రాంతికి ఒకసారి, ఉగాదికి ఒకసారి అని ముందే మాట్లాడుకున్నాను, ఆ తండ్రి నా ముందు తల వంచుకోవలసిన పని తప్పింది, నాకు నెలాఖరు చూసుకునే పని తప్పింది. నా చేతిలో లేనిది భజన కమిటీల చేతిలో ఉంది. పడిపూజ రాత్రి హారతి అయిన వెంటనే మైక్ సెట్టు అతనికి, షామియానా అతనికి, వంటవాళ్లకు నగదు లెక్కపెట్టి ఇచ్చేస్తారు, ఇవ్వకపోతే వాళ్లు కదలరు. బృందం వైపు తిరిగి మాత్రం "సార్, మీది పొద్దున ఫోన్‌పే కొడ్తం" అంటారు, ఆ పొద్దున కొన్నిసార్లు మకరజ్యోతి దాటాక వస్తుంది. వచ్చే వారం ఒప్పుకున్న పడిపూజకు సగం ముందు, సగం హారతి కాగానే అని ఫోనులో చెప్పాను. అవతలి స్వామి కాసేపు మాట్లాడలేదు, తర్వాత "కీబోర్డు ఆయనక్కూడ గట్లనే ఇయ్యాల్నా?" అని అడిగాడు. ఇవ్వాలనే చెప్పాను.